జరగని యుద్ధానికి సాక్షులు

ఏ మాస్టారి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన పగలు కాలేజీలో చరిత్ర చెప్పేవారు, సాయంత్రాలు ఫిల్మ్ సొసైటీ నడిపేవారు. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "నమ్మారా?" నమ్మితే ఏ సీన్లో నమ్మారు, నమ్మకపోతే ఎక్కడ పట్టు తప్పింది? దానికి జవాబు చెప్పందే ఎవరినీ ఇంటికి పోనిచ్చేవారు కారు. ఆ ప్రశ్నను ఇవాళ ఒక కోవ సినిమాలకు వేద్దామనుకుంటున్నాను. జరిగిన యుద్ధాన్ని మరో రకంగా జరిగినట్టు చూపించే సినిమాలవి. 1940లో జర్మనీ ఇంగ్లండ్‌ను ఆక్రమించి ఉంటే? నార్మండీలో మిత్రరాజ్యాల సేనలు ఒడ్డుకు చేరలేక ఓడిపోయి ఉంటే? వీటిని ప్రత్యామ్నాయ చరిత్ర సినిమాలు అంటున్నాం. జరగనిదని ముందే తెలిసిన కథను మనం ఎందుకు నమ్ముతాం, ఏ హద్దు దాకా నమ్ముతాం అన్నదే ఇవాళ్టి విషయం.

ఈ ఊహ మనకు కొత్తది కాదు. 1565లో తళ్ళికోట దగ్గర అళియ రామరాయలు శత్రువు చేతికి చిక్కకుండా ఉంటే విజయనగరం ఏమయ్యేదన్న చర్చ తెలుగు ఇళ్ళ అరుగుల మీద తరతరాలుగా సాగుతూనే ఉంది. చరిత్రకారులూ ఈ పని చేశారు. వాటర్లూలో నెపోలియన్ గెలిచి ఉంటే ఏమయ్యేదని ట్రెవెల్యాన్ 1907లో ఒక వ్యాసం రాశాడు. 1931లో ఇలాంటి వ్యాసాలతో స్క్వైర్ ఒక సంపుటమే తెస్తే, అందులో చర్చిల్ అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు మీద రాశాడు. తరవాత 1997లో నీల్ ఫెర్గూసన్ ఈ ఆటకు ఒక కట్టుబాటు పెట్టాడు. ఆ కాలపు మనుషులు నిజంగా ఆలోచించిన, అందుకు రాతపూర్వకమైన ఆధారం మిగిలిన ప్రత్యామ్నాయాలను మాత్రమే చర్చించాలన్నాడు. చరిత్ర రాసేవాడికి ఇది మంచి కట్టుబాటే. సినిమా తీసేవాడికి మాత్రం చాలదు. ప్రత్యామ్నాయాలను కాగితం మీద పెట్టేది సేనాపతులూ మంత్రులూ. శత్రువు ఊళ్ళోకి వస్తే రేషన్ దుకాణం గుమాస్తా ఏం చేస్తాడో ఏ దస్త్రంలోనూ ఉండదు. సినిమాకు కావలసింది ఆ గుమాస్తా.

ముందు సేనాపతుల సంగతి తేల్చుకుందాం. ఇంగ్లండ్ మీద దండెత్తడానికి సిద్ధం కమ్మని హిట్లర్ 1940 జూలై 16న ఉత్తర్వు ఇచ్చాడు. ఆ పథకం పేరు సీ లయన్. సైన్యాన్ని ఇంగ్లిష్ ఛానల్ దాటించడానికి జర్మన్లు పోగుచేసినవి నదుల్లో సరుకులు మోసే బార్జీలు, దాదాపు 2,400. వాటిలో సొంత ఇంజను ఉన్నవి మూడో వంతు మాత్రమే. మిగతావాటిని టగ్గులతో లాక్కుపోవాలి. అలాంటి పడవల్లో సైన్యాన్ని, గుర్రాల్ని ఎక్కించి, ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళాల్లో ఒకటి కాపలా కాస్తున్న సముద్రం దాటాలి. అప్పటికే నార్వే దండయాత్రలో జర్మన్ నౌకాదళం కుదేలైంది. ఒక్క నార్విక్ దగ్గరే పది డిస్ట్రాయర్లు పోగొట్టుకుంది. సెప్టెంబరు 17న హిట్లర్ ఈ పథకాన్ని నిరవధికంగా వాయిదా వేశాడు. 1974లో శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో ఈ దండయాత్రను యుద్ధక్రీడగా ఆడి చూశారు. న్యాయనిర్ణేతల్లో జర్మన్ వైమానిక దళపు గాలండ్, నౌకాదళపు రూగే కూడా ఉన్నారు. మొదటి దళాలు ఒడ్డుకు చేరాయి. ఆ వెంటనే బ్రిటిష్ నౌకలు వెనక దారి మూసేశాయి. తిండీ మందుగుండూ అందక దిగినవాళ్ళ కథ ముగిసింది.

కాబట్టి జర్మనీ ఇంగ్లండ్‌ను జయించిందని చెప్పే ప్రతి సినిమా మొదటి అడుగే ఊబి నేల మీద వేస్తోంది. అలాగని వాటిని పక్కన పెట్టేద్దామా? వద్దంటాను. ఎందుకో చెప్పడానికి ఒక సినిమా గురించి తీరిగ్గా మాట్లాడతాను.

దాని పేరు 'ఇట్ హాపెన్డ్ హియర్'. తీసినవాళ్ళు కెవిన్ బ్రౌన్‌లో, ఆండ్రూ మోలో. 1956లో మొదలుపెట్టేనాటికి బ్రౌన్‌లోకి పద్దెనిమిదేళ్ళు, మోలోకి పదహారు. డబ్బు లేదు. వారాంతాల్లో, జీతం పుచ్చుకోని మనుషులతో, దొరికిన ముడి ఫిల్ముతో తీశారు. స్టాన్లీ కుబ్రిక్ తన 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' సినిమాలో మిగిలిన ఫిల్ము ముక్కలు ఇచ్చాడు. ఎనిమిదేళ్ళ తరవాత 1964లో సినిమా పూర్తయింది. 1966లో థియేటర్లకు చేరింది. బ్రౌన్‌లో తరవాత మూకీ సినిమాల చరిత్రకారుడిగా ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మోలో సైనిక యూనిఫారాల మీద ప్రామాణిక పరిశోధకుడయ్యాడు. ఆ కుర్రతనంలోనే మోలోకి గుండీ దగ్గర్నుంచి బెల్టు దాకా తప్పు దొర్లితే నిద్రపట్టేది కాదు.

దండయాత్ర ఎలా గెలిచిందన్న విషయాన్ని వాళ్ళు మొదట్లో నాలుగు మాటల్లో దాటేస్తారు. 1940 జూలైలో జర్మన్లు దిగారు, ప్రతిఘటన జరిగింది, అణిచేశారు. అంతే. బార్జీల లెక్క వాళ్ళు చెప్పరు, మనం అడగం. కథ ఆ తరవాత నాలుగేళ్ళకు మొదలవుతుంది. పాలీన్ అనే నర్సు. ఆమెకు రాజకీయాలు పట్టవు. పల్లె ఖాళీ చేయించేటప్పుడు కళ్ళెదుటే కాల్పులు జరిగి తెలిసినవాళ్ళు చనిపోతారు. లండన్ చేరుతుంది. పని కావాలి. నర్సు ఉద్యోగం కావాలంటే జర్మన్ల పక్షాన పనిచేసే బ్రిటిష్ సంస్థలో చేరి ఆ యూనిఫారం తొడుక్కోవాలి. తొడుక్కుంటుంది. పరిస్థితి మామూలు కావాలి గదా, ఎవరో ఒకరు పనులు చక్కబెట్టాలి గదా అన్నది ఆమె ఆలోచన. పాత స్నేహితుడైన డాక్టరు ఇంటికి వెళితే ఆ యూనిఫారం చూసి వాళ్ళ ముఖాలు మారిపోతాయి. తరవాత ఆమెను పల్లెటూరి ఆసుపత్రికి బదిలీ చేస్తారు. అది శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటుంది. క్షయ సోకిన విదేశీ కూలీలు వస్తారు, పిల్లలతో సహా. ఆమె సూదిమందు ఇస్తుంది. తెల్లారేసరికి వాళ్ళు ఉండరు. చంపింది తన చేయేనని అప్పుడు తెలుస్తుంది.

ఈ సినిమాలో నన్ను కుదిపేసింది నాజీ జెండాలు కావు. ఏ మెట్టు దగ్గరా పాలీన్ పెద్ద తప్పేమీ చేయదు. ఒక్కో మెట్టూ మనమూ దిగి ఉండేవాళ్ళమే అనిపిస్తుంది. సినిమా చివర ప్రతిఘటన దళాలు గెలుస్తున్న దశలో, లొంగిపోయిన బ్రిటిష్ ఎస్ఎస్ సైనికులను నిలబెట్టి కాల్చేస్తారు. గెలిచేవాళ్ళ చేతులు కూడా శుభ్రంగా లేవని చూపించే ధైర్యం ఇరవైల వయసు కుర్రాళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఇంకో పని కూడా చేశారు వాళ్ళు. నాజీ సిద్ధాంతాన్ని నిజజీవితంలో నమ్మిన బ్రిటిష్ వాళ్ళను తీసుకొచ్చి కెమెరా ముందు వాళ్ళ మాటలు వాళ్ళచేతే చెప్పించారు. యూదుల గురించి, బలహీనుల గురించి వాళ్ళు తాపీగా, మర్యాదగా మాట్లాడతారు. దాని మీద నిరసన రేగింది. పంపిణీదారులు ఆ భాగాన్ని కోసేశారు. చాలా ఏళ్ళకు గాని అది మళ్ళీ సినిమాలోకి రాలేదు. అప్పుడు బాధపడినవాళ్ళ బాధ నిజం. అయినా ఆ భాగం ఉండవలసిందేనని నా నమ్మకం. "మన దేశంలో ఇలాంటివాళ్ళు ఎక్కడున్నారు?" అనే ప్రేక్షకుడికి అంతకు మించిన జవాబు లేదు.

ఇది నిజంగా ఇలాగే జరిగేదని ఎలా చెప్పగలం? చెప్పడానికి ఒక చోటుంది. ఛానల్ ద్వీపాలు బ్రిటిష్ రాజుగారి ఏలుబడిలోవే. జెర్సీ, గెర్న్‌సీ, ఆల్డర్నీ, సార్క్. 1940 జూన్ 30 నుంచి 1945 మే దాకా అవి జర్మన్ ఆక్రమణలో ఉన్నాయి. అక్కడ ఏం జరిగింది? స్థానిక పాలకులు అలాగే కొనసాగారు. పత్రికలు జర్మన్ సెన్సారు కింద వస్తూనే ఉన్నాయి. బ్రిటిష్ హెల్మెట్ పెట్టుకున్న పోలీసు జర్మన్ అధికారి పక్కన నిలబడ్డ ఫొటోలు ఇవాళ్టికీ ఉన్నాయి. యూదుల పేర్లు నమోదు చేయమని ఉత్తర్వు వస్తే స్థానిక ఉద్యోగులే నమోదు చేశారు. 1942లో గెర్న్‌సీ నుంచి పంపేసిన ముగ్గురు యూదు స్త్రీలు ఆష్విట్జ్‌లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ద్వీపాల్లో లూయిజా గూల్డ్ అనే జెర్సీ స్త్రీ, పారిపోయి వచ్చిన సోవియట్ ఖైదీని తన ఇంట్లో దాచింది. ఇరుగుపొరుగు ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆమె రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో చనిపోయింది. దయా ఉంది, ద్రోహమూ ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా "పని జరగాలి గదా" అనే మామూలుతనం ఉంది. పాలీన్ ఊహ కాదని ఆ ద్వీపాలు సాక్ష్యం చెబుతున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది. జరగనిదాన్ని నమ్మించాలనుకునే దర్శకుడు జరిగిన చోటికి వెళ్ళి అడగాలి. యుద్ధం ఎలా మలుపు తిరిగిందన్న చోట సినిమా కాస్త చొరవ తీసుకోవచ్చు. ప్రేక్షకుడు ఆ ఒక్క అప్పు ఇస్తాడు. మలుపు తరవాత మనుషులు ఎలా ఉన్నారన్న చోట మాత్రం అప్పు లేదు. అక్కడ ప్రతిదానికీ ఎక్కడో ఒక నిజమైన సాక్షి ఉండాలి.

ఈ దృష్టితో మిగతావాటిని చూస్తే కొన్ని త్వరగానే తేలిపోతాయి. 1980లో వచ్చిన 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' లో నిమిట్జ్ విమానవాహక నౌక తుపానులో చిక్కి 1941 డిసెంబరు 6కి, అంటే పెర్ల్ హార్బర్ దాడికి ముందు రోజుకు చేరుతుంది. నిజమైన నౌక మీదే తీశారు, దాని మీది విమానాలూ నిజమైనవే. చరిత్రను మార్చాలా వద్దా అన్న ప్రశ్న వచ్చేసరికి తుపాను మళ్ళీ వచ్చి నౌకను తీసుకుపోతుంది. అంత పెద్ద ప్రశ్న వేసి జవాబు ఇవ్వకుండా వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. టరాంటినో 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' (2009) హిట్లర్‌ను పారిస్ సినిమాహాల్లో చంపేస్తుంది. ఆ సినిమా మొదటి అధ్యాయం పేరులోనే అనగా అనగా అని చెప్పేస్తుంది. కథ కథగానే వస్తోంది, సాక్ష్యం ఇస్తానని అనడం లేదు. దాన్ని ఈ తూకంలో వేయడం న్యాయం కాదు.

1942లో ఈలింగ్ స్టూడియో తీసిన 'వెంట్ ద డే వెల్?' దారి వేరు. గ్రాహం గ్రీన్ కథ ఆధారంగా కావల్కాంటి దర్శకత్వం. బ్రిటిష్ యూనిఫారాల్లో జర్మన్ సైనికులు ఒక పల్లెలో దిగుతారు. తారీఖు గమనించండి. యుద్ధం ఇంకా నడుస్తోంది, ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. సినిమా మాత్రం యుద్ధం అయిపోయాక ఒక పెద్దమనిషి చర్చి ఆవరణలో జర్మన్ల సమాధి చూపించి కథ చెబుతున్నట్టు మొదలవుతుంది. ఊరి పెద్దే ద్రోహి. ఇన్నాళ్ళూ ఉత్తరాలు సర్దిన పోస్టాఫీసు ఆవిడ, తన ఇంట్లో ఉన్న జర్మన్ సైనికుడి కళ్ళలో మిరియాల పొడి కొట్టి గొడ్డలితో నరుకుతుంది. కొద్ది నిమిషాల్లో ఆమెనూ చంపేస్తారు. ఆ సన్నివేశం చూస్తుంటే గొంతు ఆరిపోతుంది. మంచి మనుషులు చంపడం ఎలా ఉంటుందో దాచకుండా చూపించారు. మరి సాక్షులు ఎక్కడ? అప్పటికి ఇంగ్లండ్ పల్లెల్లో నిజంగానే అలాంటి సన్నాహం జరిగి ఉంది. 1940లో సైనికాధికారి గబ్బిన్స్ ఆధ్వర్యంలో రైతుల్నీ, వేటగాళ్ళనూ రహస్య దళాలుగా కూర్చి, భూమి కింద స్థావరాలు కట్టించి, శత్రువు ముందుకు పోయాక వెనక నుంచి దెబ్బతీయడానికి తయారు చేశారు. వాళ్ళు పెళ్ళాలకు కూడా చెప్పలేదు. 2011లో వచ్చిన 'రెసిస్టెన్స్' అక్కణ్ణుంచే పుట్టింది. ఒక వేల్స్ లోయలో ఆడవాళ్ళు తెల్లారి లేచేసరికి మగవాళ్ళెవరూ ఉండరు. ఆ మొదటి పావుగంటలో ఏ చరిత్రకారుడూ వేలు పెట్టలేడు.

'ఫాదర్‌లాండ్' గురించి మరికాస్త చెప్పాలి. రాబర్ట్ హారిస్ 1992లో రాసిన నవలను 1994లో టీవీ సినిమాగా తీశారు. 1964. గెలిచిన జర్మనీ. హిట్లర్ డెబ్బై అయిదో పుట్టినరోజుకు బెర్లిన్ సిద్ధమవుతోంది. యూదులను తూర్పుకు తరలించామని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. ఇప్పుడు ఒక పోలీసు అధికారికీ ఒక అమెరికన్ విలేకరికీ వాళ్ళను చంపేశారన్న నిజం దొరుకుతుంది. ఇంత పెద్ద నేరాన్ని ఇరవై ఏళ్ళు దాచగలరా అని చాలామంది సందేహించారు. నాకు ఆ సందేహం లేదు. ఆక్రమిత ప్రాంతాల్లో మూకుమ్మడి గోతులు తవ్వించి, శవాలను తీయించి కాల్పించే పనిని 1942 నుంచే నాజీలు ఒక ప్రత్యేక పథకంగా నడిపారు. గెలిచి ఉంటే ఆ పని పూర్తయ్యేది. సోవియట్ సేనలు 1944 జూలైలో మైదానెక్ శిబిరంలోకి అడుగుపెట్టాయి కాబట్టే ఆ సాక్ష్యం చెరిగిపోకుండా దొరికింది.

అదే కథలోని బెర్లిన్ దగ్గర మాత్రం నా నమ్మకం తడబడుతుంది. హిట్లర్ వాస్తుశిల్పి ష్పేర్ గీసిన మహామందిరం, ఆకాశాన్ని తాకే గుమ్మటం, విజయతోరణం అన్నీ కట్టేసి ఉంటాయి అందులో. బెర్లిన్ నేల ఇసుకా చిత్తడీ. ఆ తోరణం బరువును నేల మోస్తుందో లేదో చూడటానికి 1941లో 12,650 టన్నుల కాంక్రీటు దిమ్మె ఒకటి పోసి చూశారు. మూడేళ్ళు తిరక్కుండానే అది దాదాపు 19 సెంటీమీటర్లు దిగిపోయింది. ఆ దిమ్మె ఇప్పటికీ అక్కడే ఉంది. గెలిచిన హిట్లర్ రాజధానికి అసలైన సాక్షి అదే. ఏ సినిమావాళ్ళూ దాన్ని పిలిచి అడగలేదు.

మన దగ్గరికి వద్దాం. తెలుగులో యుద్ధాన్ని ఇలా తిరగరాసిన సినిమా 2017లో వచ్చిన 'ఘాజీ'. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు పొందింది. 1971 డిసెంబరు మొదటి వారంలో పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ రేవు ముఖద్వారం దగ్గర 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్‌ఛార్జ్‌ల వల్ల మునిగిందని మన నౌకాదళం చెప్పింది. లోపలే ఏదో పేలి మునిగిందని పాకిస్థాన్ చెప్పింది. సినిమాలో ఒక భారతీయ సబ్‌మెరైన్ దానితో నీళ్ళ కింద ద్వంద్వయుద్ధం చేస్తుంది. ఆ ద్వంద్వయుద్ధం జరగలేదు. అయినా సగం సినిమా నమ్మబుద్ధవుతుంది. విశాఖ బీచ్‌రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ లోపల నడిచినవాళ్ళకు ఆ ఇరుకు, ఆ పైపుల గజిబిజి, తల వంచి దాటే గుమ్మాలు బాగా తెలుసు. దర్శకుడు సంకల్ప్ రెడ్డి ఆ ఇరుకును గౌరవించాడు. శత్రువును రెచ్చగొట్టడానికి సిబ్బంది జాతీయగీతం పాడే చోట పట్టు తప్పింది. హాల్లో లేచి నిలబడ్డ ప్రేక్షకుల భావోద్వేగం నాకు అర్థమవుతుంది. కాని సబ్‌మెరైన్ బతికేది నిశ్శబ్దం మీద. నాకు ఇంకా వెలితిగా తోచేది అసలు కథ. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ. తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్లకు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా పన్నాగం పన్నారు. ఆ పన్నాగంలో విశాఖ ఊరు మొత్తం తెలియకుండానే పాత్రధారి అయింది. ఆ సినిమా ఇంకా ఎవరూ తీయలేదు.

'ఆర్ఆర్ఆర్' మీద నా అభ్యంతరం ఒక్క వాక్యంలో చెబుతాను. అల్లూరి, కొమరం భీం కలిశారనడం ఊహ, దానికి ఆక్షేపణ లేదు. జోడేఘాట్‌లో 1940లో భీం ప్రాణాలిచ్చింది నిజాం ప్రభుత్వంతో పోరాడుతూ, సినిమా ఆ శత్రువును తీసేసి తెల్లదొరను నిలబెట్టింది, గోండు పిల్లవాడు తన తాత ఎవరితో పోరాడాడో ఆ సినిమా నుంచి తెలుసుకోలేడు.

ఇక, తీయవలసిన సినిమా ఒకటి. 1942 ఏప్రిల్ 6న ర్యుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందు రోజే కొలంబో మీద దాడి. మద్రాసులో జనం రైళ్ళకు ఎగబడ్డారు, జంతుప్రదర్శనశాలలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. జపాన్ సైన్యం మన ఒడ్డున దిగి ఉంటే? సేనాపతుల లెక్క ప్రకారం అది జరిగేది కాదు. సింహళం మీద దండెత్తుదామని నౌకాదళం అడిగితే సైన్యం దళాలు ఇవ్వలేదు. చైనాలో ఇరుక్కుపోయి ఉంది. సింహళానికి వచ్చిన అయిదు విమానవాహక నౌకల్లో మూడు రెండు నెలలకే మిడ్‌వే దగ్గర మునిగిపోయాయి. సరే, ఈ ఒక్క అప్పు ఇద్దాం. దిగారనుకుందాం.

అప్పుడు మొదటి ప్రమాదం సుభాస్ బోస్. మనవాళ్ళెవరు తీసినా ఆయన్ను విశాఖ రేవులో దించకుండా ఉండలేరు. 1942 ఏప్రిల్‌లో బోస్ జర్మనీలో ఉన్నారు. ఆసియాకు చేరింది మరుసటి ఏడు. ఆ రేవులో ఉండేది జపాన్ అధికారీ, మన కలెక్టరాఫీసు గుమాస్తాలూ, మునసబులూ కరణాలూ. ఊళ్ళోని కాంగ్రెస్‌వాళ్ళలో బ్రిటిష్ వాడు పోతే చాలన్నవాళ్ళూ ఉంటారు, జపానుకు కూడా సహాయనిరాకరణే అన్న గాంధీ మాట పట్టుకున్నవాళ్ళూ ఉంటారు. ఇది ప్రజాయుద్ధం అన్న కమ్యూనిస్టులు ఉంటారు. నిజాయితీగల సినిమా వీళ్ళలో ఎవరినీ గడ్డిబొమ్మలుగా నిలబెట్టకూడదు.

వీళ్ళు ఏం చేసి ఉండేవారో చెప్పే సాక్షి మనకూ ఉంది. బ్రిటిష్ వాళ్ళకు ఛానల్ ద్వీపాలు ఎలాగో మనకు అండమాన్లు అలాగ. 1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాయి. 1945 దాకా ఉన్నాయి. అక్కడి భారతీయులతో శాంతిసంఘం ఏర్పడింది, ఇండియన్ ఇండిపెండెన్స్ లీగు శాఖ ఏర్పడింది. దాని నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్. సైనికుల అకృత్యాలకు అడ్డుచెప్పినందుకు గూఢచారి అని ముద్రవేసి నెలల తరబడి చిత్రహింస పెట్టారు; 1944 జనవరిలో ఆయన చనిపోయారు. 1943 డిసెంబరు చివర బోస్ వచ్చి జెండా ఎగరేశారు. జనం ఆయన్ను కలిసి గోడు చెప్పుకునే వీలు లేకుండా జపాన్ అధికారులు చూసుకున్నారు. నెల తిరిగింది. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని వరసగా కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో చాలామంది లీగు సభ్యులే. ఆ తరవాత బోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున లోగనాథన్ పాలకుడిగా వచ్చారు. పోలీసు శాఖ మాత్రం జపాన్ చేతుల్లోనే ఉండిపోయింది. ఇది బోస్ దేశభక్తిని తక్కువ చేసే మాట కాదు. దేశభక్తుడికీ నేలకూ మధ్య ఆక్రమణ సైన్యం నిలబడితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. మన సినిమా ఈ ముడి విప్పకుండా దాటిపోతే దాన్ని నేను నమ్మను.

రెండో సాక్షి బెంగాల్. శత్రువు రాకముందే, వస్తాడేమోనని బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంతాల పడవల్నీ బియ్యాన్నీ లాగేసుకుంది. 1943 కరువులో పోయిన ప్రాణాలు ముప్పై లక్షల దాకా ఉంటాయని అంచనా. కరువుకు ఇంకా కారణాలున్నాయి; పడవలు పోవడమూ ఒక కారణం. గోదావరి లంకల్లో పడవ లాగేసుకుంటే ఒక పల్లెకారు కుటుంబం ఎన్నాళ్ళు బతుకుతుందో లెక్కవేసిన రచయితే ఆ సినిమా రాయాలి. యుద్ధం చూపించకపోయినా పర్వాలేదు, ఆ పడవ చూపించాలి.

మూడో సాక్షి మన ఊళ్ళలోనే ఉన్నాడు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో, రిక్షాలు లాగినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి; మార్చి 8న నగరం చిక్కింది. లక్షల మంది భారతీయులు ఓడల్లో, కొండదారుల్లో కాలినడకన పారిపోయి వచ్చారు. వేలమంది దారిలోనే చనిపోయారు. విశాఖ మీద బాంబులు పడేనాటికి శ్రీకాకుళం, విశాఖ పల్లెలకు తిరిగొచ్చిన బర్మా కూలీలు ఉన్నారు. ఆ ఆకాశంలోంచి వచ్చే చప్పుడు ఏమిటో ఊళ్ళో తెలిసింది వాళ్ళకే. తెల్లదొర ముందుగా ఎవరిని ఓడెక్కించాడో, ఎవరిని రేవులో వదిలేశాడో కూడా వాళ్ళకు తెలుసు. అందువల్ల వాళ్ళు బ్రిటిష్ వాణ్ణి నమ్మరు, జపాన్ వాడొచ్చి ఉద్ధరిస్తాడనీ నమ్మరు. ఈ సినిమా ఎవరైనా తీస్తే కథానాయకుడు అలాంటి మనిషి కావాలని నా కోరిక. రేవులో జపాన్ అధికారి ముందు కరణం చిట్టా విప్పి బియ్యం లెక్కలు చదువుతుంటే, మూటలు మోయడానికి పిలిచిన కూలీల వరసలో అతను నిలబడి ఉంటాడు. అతనికి పని కావాలి, ఇంట్లో తిండిగింజలు లేవు. మూట ఎత్తుకుంటాడా, లేదా? ఎత్తుకుంటే ఊరు ఏమంటుంది? ఎత్తుకోకపోతే ఆ రాత్రి పిల్లలు ఏం తింటారు? స్క్రిప్టు మొదటి పేజీ అక్కణ్ణుంచి రాయమని ఈ సభలో ఉన్న సినిమా కుర్రవాళ్ళను కోరుతున్నాను.